సామేలు మామ పగలగొట్టని సాకెట్లు

పార్సెల్ విప్పగానే మొదట వచ్చేది వాసన. పాత గ్రీజు, కిరోసిన్, ఎవరి షెడ్డులోనో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, మూడూ కలిసిన వాసన. ఈ ఉదయం కర్నూలు నుంచి వచ్చిన అట్టపెట్టెలో ఏడు సాకెట్లు ఉన్నాయి. అక్కడ ఎవరో గ్యారేజీ మూసేస్తూ సామాన్లన్నీ ఫోనులో అమ్మకానికి పెడితే కొన్నాను. చుట్టిన పాత పంచె గుడ్డ విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. వాటి మీద ఏ కంపెనీ పేరుందో ఇంకా చూడనే లేదు, నా చూపుడువేలు అప్పటికే మొదటిదాని లోపలికి పోయి మూలలను తడుముతోంది. ఆ వేలికి ఆ అలవాటు చేసిన మనిషి పోయి రెండేళ్లయింది. ఈ వాసన తగిలితే చాలు, పక్కన స్టూలు మీద ఆయన కూర్చుని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "పేరు తర్వాత చూడొచ్చులే పాపా, ముందు లోపల చూడు" అంటున్నట్టే ఉంటుంది.

మాది కమలాపురం. కడపకు పోయే రోడ్డు పక్కన మా ట్రాక్టర్ల షెడ్డు. బోర్డు మీద నా భర్త ఓబులేసు పేరు ఉంటుంది, పని నేను చేస్తాను. కొత్తగా వచ్చే రైతులు ఇప్పటికీ నన్ను చూసి, మెకానిక్ యాడికి పోయినాడమ్మా అని అడుగుతారు. బండికి వచ్చిన జబ్బేమిటో ముందు చెప్పమంటాను. ఇంజను తలకాయ విప్పేసరికి ఆ ప్రశ్న వాళ్లే మరిచిపోతారు. ఈ పని తెలియనివాళ్లకు సాకెట్ అంటే ఏమిటో ఒక్కమాటలో చెప్పాలి. నట్టు తల మీద సరిగ్గా కూర్చునే చిన్న ఇనుప గిన్నె అది. వెనక కాడ తగిలించి తిప్పితే నట్టు ఊడివస్తుంది. గిన్నె మంచిదైతే నట్టు ఊడుతుంది, కాకపోతే ఊడేది మనిషి చెయ్యి. ఇది నేను అలంకారంగా చెప్పడం లేదు. మా ఇంట్లో జరిగింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. ఓబులేసు ఒక ట్రాక్టరు వెనక చక్రం విప్పుతున్నాడు. నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కాడకు ఇనుప పైపు తగిలించి బలమంతా పెట్టి తొక్కిపట్టి లాగాడు. సాకెట్ నిలువునా చీలింది. ఆ ఊపుకు కుడిచెయ్యి పోయి మడ్‌గార్డు అంచుకు తగిలింది. నేను పక్కనే కిరోసిన్‌లో భాగాలు కడుగుతూ ఉన్నాను. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను, ఆయన వినలేదట. కడపలో రెండు ఆపరేషన్లు చేశారు. మణికట్టు అతికింది గానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. అన్నం ముద్ద కూడా ఎడమచేత్తోనే. షెడ్డు అమ్మేయమని మా వాళ్లూ, వాళ్ల వాళ్లూ ఒకే గొంతుతో చెప్పారు. ఆ విషయంలో రెండు వైపుల వాళ్లకూ అంత ఐకమత్యం పెళ్లిలో కూడా లేదు. నేను మాత్రం అమ్మనన్నాను. అప్పటికి పదేళ్లుగా ఆ షెడ్డులో ఏ పానా ఎక్కడుందో చీకట్లో అయినా తీసి ఇచ్చిన దాన్ని నేను. ఆయన చెయ్యి పోయిందని షెడ్డు కూడా పోవాలా అని మొండికేశాను.

మూడో వారంలో సామేలు మామ వచ్చాడు. మాకు చుట్టం కాదు, చర్చి వీధిలో ఉండేవాడు, ఊరంతా మామ అనేది కాబట్టి నేనూ మామ అనేదాన్ని. ఎర్రగుంట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిముట్ల గది చూసుకుని రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా పై గుండీ కూడా పెట్టుకునే మనిషి. ఓబులేసును పలకరించి వెళతాడనుకున్నాను. పలకరించాక, పగిలిన సాకెట్ ఉండాదా అని అడిగాడు. ఎందుకో పారేయకుండా డబ్బాలో పెట్టి ఉంచాను. తెచ్చి ఇచ్చాను. రెండు ముక్కలనూ జేబురుమాలుతో తుడిచి, వెలుతురుకు పట్టి, పక్కన చెక్కిన చిన్న అంకెలను చాలాసేపు చూశాడు. ఆ అంకెలు కొంచెం ఎడమకు వాలి ఉన్నాయి. ఆ తర్వాత నేను ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు ఆయన చేతిలోనే ఉండిపోయింది, తాగలేదు.

"ఇది నా గదిలోది పాపా. ఈ అంకెలు నేను కొట్టినవే" అన్నాడు.

తర్వాత చెప్పింది నిదానంగా, ఏదీ దాచకుండా చెప్పాడు. ఫ్యాక్టరీలో పనిముట్టు అరిగినా, బీట తీసినా దాన్ని పక్కన పెడతారు. తుక్కులోకి పంపేముందు ప్రతి ఒక్కదాన్ని పెద్ద సుత్తితో పగలగొట్టాలి. మళ్లీ ఎవరి చేతికీ పోకుండా చూడటం ఆ గది చూసుకునేవాడి పని. పగలగొట్టామని సంతకం కూడా వాడే పెట్టాలి. ముప్పై ఏళ్లు అలాగే చేశాడు. చివరి రోజు సాయంత్రం వీడ్కోలు సభ. తోటివాళ్లు కుట్టించిన కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. గంపెడు సాకెట్లు మిగిలిపోయాయి. చొక్కా మాపుకోవడం ఇష్టం లేక, తుక్కులో ఎవరు ఏరుకుంటారులే అని సంతకం పెట్టేసి సభకు పోయాడు. ఆ గంప తుక్కు కొనేవాళ్ల దగ్గరికీ, అక్కడి నుంచి పాలిష్ పెట్టేవాళ్ల దగ్గరికీ, అక్కడి నుంచి కడపలో పాతసామాన్ల అంగడికీ పోయింది. అక్కడ మా ఆయన కొన్నాడు. ఊళ్లో ప్రమాదం సంగతి విన్నప్పటి నుంచి తనకు నిద్ర లేదన్నాడు. తనది కాకూడదని ప్రార్థన చేసుకుని వచ్చాడట.

నేను ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, లేచి పొమ్మన్నాను. పగిలిన ముక్కలు బల్ల మీద పెట్టి పోయాడు. లోపల మంచం మీద ఉన్న ఓబులేసు అంతా విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు ఆ రెండు ముక్కలనే చూస్తూ గడిపాను. ఆయన అబద్ధం ఆడి ఉంటే బాగుండుననిపించింది. ఎవరో ముఖం తెలియని వాణ్ణి తిట్టుకుంటూ బతికేసేదాన్ని. ఇప్పుడు తిట్టాలంటే నుదుటి మీద కళ్లజోడుతో ఒక ముసలాయన కనిపిస్తున్నాడు. నాలుగో రోజు ఉదయం చర్చి వీధికి పోయాను. మామ వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాడు, భార్య పోయాక వంట తనే చేసుకునేవాడు. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నన్ను క్షమించమని మాత్రం అడగొద్దు మామా, అది నాతో కాదు. పని నేర్పు. షెడ్డు మూతపడగూడదు."

ఆయన చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. తర్వాత, "రేపు ఎన్ని గంటలకు రావాల పాపా?" అని అడిగాడు.

మొదటి రోజే ఒక సంగతి తేల్చి చెప్పాడు. తనకు ఇంజను తెలియదు, అది ఓబులేసే నేర్పాలి. తాను నేర్పగలిగింది చేతికీ పనిముట్టుకీ మధ్య ఉండే సంగతి. అలా నాకు ఇద్దరు గురువులయ్యారు, ఇద్దరికీ మాటల్లేవు. మామ స్టూలు మీద, ఓబులేసు నులకమంచం మీద, నడుమ ఆరడుగుల దూరం. ఆయన్ను అడుగు అని ఓబులేసు, ఓబులేసుకు చెప్పు అని మామ. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినపడుతూనే ఉంటాయి, అయినా నేను ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి అవే మాటలు మళ్లీ అప్పజెప్పాలి. ఒకరోజు విసుగొచ్చి, మీ ఇద్దరి నడుమ నేను పోస్టుమేన్ ఉద్యోగం చేస్తాండానా అని కసిరాను. ఇద్దరూ ఒకేసారి తల వంచుకున్నారు గానీ పద్ధతి మారలేదు.

మామ చెప్పిన మొదటి పాఠం నాకు బాగా గుర్తు. ఒకే సైజు సాకెట్లు నాలుగు తువ్వాలు మీద పెట్టాడు. ఒకటి జర్మనీది, ఒకటి తైవాన్‌ది, ఒకటి పంజాబులో చేసింది, నాలుగోది బజార్లో కుప్పపోసి అమ్మే పేరులేనిది. దెబ్బలకు వేసే తెల్ల పట్టీ అంటించి నాలుగింటి పేర్లూ కప్పేశాడు. ఏది మంచిదో చెప్పమన్నాడు. నేను బరువు చూశాను, మెరుపు చూశాను, ఒకదానితో ఒకటి తగిలించి మోగించి కూడా చూశాను. చివరికి తడుముకోకుండా ఒకటి తీసి ఇచ్చాను. పట్టీ పీకితే అది బజారుది. ఓబులేసు మంచం మీది నుంచి నవ్వు ఆపుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు, అందుకని కోపం తెచ్చుకోలేదు.

అప్పుడు మామ ఒక కొత్త బోల్టు ఇచ్చి కళ్లు మూసుకోమన్నాడు. నాలుగింటినీ వంతులవారీగా దాని తల మీద కూర్చోబెట్టి అటూ ఇటూ కదపమన్నాడు. ఎంత దూరం ఖాళీగా ఊగాక పట్టు దొరుకుతుందో వేలికి తెలియాలన్నాడు. నేను జమ్మలమడుగు దగ్గర నేత ఇంటి పిల్లను. తెగిన పోగును మగ్గం గుంటలో వెతికి ముడివేసిన వేళ్లు నావి. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం నాకు కొత్త కాదు. కళ్లు మూసుకోగానే నాలుగూ నాలుగు రకాలని తెలిసిపోయింది. బజారుది వదులుగా ఊగింది. తైవాన్‌దీ పంజాబుదీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. జర్మనీది అసలు ఊగనే లేదు. ఆ కంపెనీ మాట వస్తే మామ గొంతు మారేది, పెద్దింటికి అల్లుడుగా పోయిన సొంత తమ్ముడి గురించి చెప్పుకున్నట్టు చెప్పేవాడు. కానీ రోజువారీ పనికి పంజాబుది చాలని ఒప్పుకున్నాడు, ఒప్పుకోవడానికి మాత్రం అరగంట పట్టింది.

తర్వాత రోజుల్లో లోపలి సంగతులు చూపించాడు. మంచి సాకెట్ నట్టు మూలను పట్టదు, పక్కనున్న చదును భాగాన్ని పడుతుంది. అందుకే మూలల దగ్గర కాస్త సందు వదిలి చేస్తారు. గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి, ఒక పక్క పలచగా ఉంటే చీలేది అక్కడే. లోపల పన్నెండు మూలలున్నది ఇరుకు చోట్లకు వీలు. తుప్పుపట్టి మొండికేసిన నట్టుకు మాత్రం ఆరు మూలలదే పెట్టాలి. ఇవన్నీ చెప్పేటప్పుడు ఎప్పుడైనా మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఆ ఆగిన చోట మా ఆయన చెయ్యి ఉందని ముగ్గురికీ తెలుసు.

మా సామాను సగం నమ్మదగింది కాదని ఆయన పరీక్షలో తేలింది. కొత్తవి కొనే శక్తి లేదు, పాతవే కొనాలి. ఎడమచేత్తో ఫోను పట్టుకుని రోజంతా మంచం మీద ఉండే ఓబులేసుకు అప్పుడొక ఉద్యోగం దొరికింది. కర్నూలు, కడప, రాజంపేట, ఎక్కడ ఏ షెడ్డు మూసేసి సామాను అమ్ముతున్నా ఆయన బొటనవేలికి తెలిసిపోయేది. ఆ ఫొటోలు చూడటం మాకు మంచి కాలక్షేపం. పూల దుప్పటి మీద సాకెట్లు పరిచి పెట్టేవాడొకడు, సైజు తెలియాలని పక్కన బేనిషా మామిడికాయ పెట్టి ఫొటో తీసేవాడొకడు. మామ నియమాలు మామకున్నాయి. పైనుంచి తీసిన ఫొటో పనికిరాదు, పగటి వెలుతురులో సాకెట్ నోటిలోపలి ఫొటో అడగాలి. బోల్టు పెట్టి ఇంకోటి అడగాలి. ఎందుకు అమ్ముతున్నావని అడగాలి. బదులు రాకపోతే అదే బదులనుకోవాలి. వాడిన సామాను కొత్తదానిలా మెరుస్తుంటే దాని దగ్గరికే పోకూడదు.

ఈ నియమాలన్నీ విని, తలాడించి, ఒకరోజు వాటన్నింటినీ నేనే తప్పాను. ఆ కథ చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మామ ఊళ్లో లేడు, మదనపల్లె కూతురింటికి పోయాడు. ఓబులేసు పడుకున్నాడు. ఫోనులో పేరున్న కంపెనీ సెట్టు, ఇరవై నాలుగు సాకెట్లు నీలం డబ్బాలో వరుసగా, అద్దంలా మెరుస్తూ కనిపించింది. ఇంకెవరో కొనేస్తారని రెండుసార్లు చెప్పాడు అమ్మేవాడు. ఇద్దరు మగవాళ్లను అడక్కుండా ఒక్కపనైనా సొంతంగా చేయాలన్న పట్టుదల నాకు. చేతిలో ఉన్నదంతా పెట్టి కొనేశాను. అది వచ్చిన రోజు డబ్బా మూత తెరిచి ఊరంతటికీ చూపించాను. మామ తిరిగొచ్చి, ఒకటి తీసి వేలు లోపలికి పెట్టి, నా ముందుకు చాచాడు. నేనూ వేలు పెట్టాను. మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, వాటి మీద కొత్తగా పూత పోశారు. ఒకదాని అంచున పూత అప్పుడే పొట్టులా లేస్తోంది. డబ్బా అసలుదే, లోపలివి పది షెడ్లలో ఏరుకొచ్చినవి. అమ్మినవాడు ఆ సాయంత్రానికే ఫోను ఎత్తడం మానేశాడు.

తొలకరికి పదిహేను రోజులుంది. దుక్కుల ముందే ట్రాక్టర్లన్నీ బాగుకు వస్తాయి, ఆ పదిహేను రోజులే మా షెడ్డుకు ఏడాది తిండి. పనిముట్లు లేక పని వదులుకుంటే రైతులు కడపకు పోతారు, ఒకసారి పోయినవాళ్లు మళ్లీ రారు. రెండు రోజులు ఆలోచించి నేనొక పని చేశాను. నీలం డబ్బాను కొత్త చీర మీద పెట్టి, పైనుంచే ఫొటో తీసి, నేను కొన్న ధరకే ఫోనులో అమ్మకానికి పెట్టాను. మెరుపు బాగా కనపడాలని కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను కూడా. ఆ రాత్రికే రాజంపేట నుంచి ఒకాయన అడిగాడు. కొత్తగా షెడ్డు పెట్టుకుంటున్నాడట. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. నన్నొకడు మోసం చేశాడు, నేనొకరికి అంటగడుతున్నాను, లెక్క సరిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. మామతో చెప్పలేదు. ఓబులేసుకు మాత్రం తెలుసు.

ఆదివారం పొద్దున ప్రార్థన ముగిసీ ముగియకముందే మామ నేరుగా షెడ్డుకు వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. ఎవరు చెప్పారో నేను అడగలేదు, మంచం మీది మనిషి ముఖం చూస్తేనే తెలిసిపోయింది. మామ నన్ను తిట్టలేదు, దేవుడి మాట ఎత్తలేదు. నీలం డబ్బా ఏదని అడిగాడు. మూలనున్న పెద్ద సుత్తి తీసుకున్నాడు. గోనెపట్ట మీద మొదటి సాకెట్ పెట్టి పైన ఇంకో మడత కప్పి, అరవై ఏడేళ్ల చేతులతో సుత్తి ఎత్తాడు. దెబ్బ పక్కకు పోయింది. మళ్లీ ఎత్తాడు. చొక్కా వీపంతా చెమటకు అంటుకుపోయింది.

"ఇది పగలగొడితే షెడ్డు మూస్కోవాల మామా" అన్నాను.

ఆయన సుత్తి దించి దాని మీద ఆనుకుని నిలబడ్డాడు. "ఆ పొద్దు నేను సుత్తి ఎత్తింటే, ఈ పొద్దు ఓబులేసు చెయ్యి బాగుండేది పాపా" అన్నాడు. "నాది ఒక చొక్కా. నీది షెడ్డు. నీది శానా పెద్దదే, నేను కాదనను. కానీ ఆ రాజంపేటాయన చెయ్యి నీ షెడ్డుకన్నా చిన్నదా?"

నేను ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది కూడా, ఆ మాట అనే హక్కు ఈయనకెక్కడిదని. మరుక్షణమే, ఆ హక్కు ఊరంతటిలోకీ ఈయన ఒక్కడికే ఉందని తెలిసింది. కొంగు నడుముకు బిగించి సుత్తి తీసుకున్నాను. మొదటి దెబ్బకు పెళుసుగా ఏదో విరిగిన చప్పుడయింది. అప్పుడు వెనక నుంచి ఓబులేసు గొంతు వినపడింది. "గోనెపట్ట ఇంగో మడత పెట్టు మామా, పెచ్చులు ఎగిరి ఆమె కంట్లో పడతాయి." ఆ ప్రమాదం తర్వాత మా ఆయన మామతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. మామ ఇంకో మడత వేశాడు. ఇరవై నాలుగూ కొట్టాను. కొన్ని పగిలాయి, కొన్ని సొట్టలు పడి నోరు మూసుకున్నాయి. ఒక్కటి కూడా మళ్లీ ఏ నట్టు మీదా కూర్చోదని మామ వేలుపెట్టి చూసి మరీ పక్కన పెట్టాడు.

రాజంపేటాయనకు వద్దని ఫోను చేశాను గానీ అప్పటికే బస్సు దిగాడు. గోనెపట్ట విప్పి జరిగినదంతా చెప్పాను, నేను అమ్మబోయిన సంగతితో సహా. ఆయన నాకు దండం పెడతాడని ఎవరూ అనుకోవద్దు. సెలవు రోజు పాడుచేశానని తిట్టాడు, పెట్టిన మజ్జిగ తాగి మళ్లీ తిట్టి పోయాడు. నాలుగు నెలల తర్వాత ఆయన నుంచి ఒక ఫొటో వచ్చింది. సాకెట్ నోటిలోపల తీసిన ఫొటో, పగటి వెలుతురులో. ఇది తీసుకోవచ్చునా అక్కా అని రాశాడు.

తొలకరి గండం గట్టెక్కించింది కూడా మామ బుర్రే. సెట్టు అనే మోజును ఆయన నా తలలోంచి పీకేశాడు. మన చుట్టుపక్కల తిరిగే ట్రాక్టర్లకు రోజూ కావలసిన సైజులు తొమ్మిదే, వాటిలో ఏడు మిల్లీమీటర్ల కొలతవి, రెండు పాతబండ్లకు పట్టే అంగుళాల కొలతవి, మిగతావన్నీ డబ్బాలో నిద్రపోయేవని కాగితం మీద రాసి చూపించాడు. ఆ తొమ్మిదీ ఓబులేసు ఫోనులో విడివిడిగా వెతికాడు. సెట్టు కాదు కాబట్టి అప్పోసప్పో చేసి కొనగలిగాం. ఒక్కో ఊరి నుంచి ఒక్కోటి వచ్చింది. ఒకదానికొకటి పోలిక లేదు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఒకటి జర్మనీది. ఆ జర్మనీదాన్ని మామ అరగంట చేతిలోంచి కింద పెట్టలేదు. పని అడుగుతూ వచ్చిన మొదటి బండికి విప్పాల్సింది వెనక చక్రమే. అదే సైజు నట్టు. సాకెట్ కూర్చోబెట్టి, కాడకు పైపు తగిలించి వెనక్కి చూశాను. ఇద్దరు మగవాళ్లూ లేచి నిలబడి ఉన్నారు, ఎవరూ దగ్గరికి రాలేదు. పాదం గట్టిగా ఆనించి లాగాను. కిర్రుమని నట్టు కదిలింది. ఆ తొలకరిలో మేం ఒక్క బండిని కూడా కడపకు పంపలేదు.

మామ ఆ తర్వాత ఐదేళ్లు వచ్చాడు. చివర్లో చూపు తగ్గి, వేళ్లతోనే చూసేవాడు. జబ్బుపడి పదిరోజుల్లో పోయాడు. క్షమించావా అని ఆయన ఎన్నడూ అడగలేదు, అడగొద్దన్నాను కాబట్టి. నేనూ చెప్పలేదు. ఇప్పుడు అడిగేవాళ్లుంటే నిజం చెబుతాను. ఆ కొత్త చొక్కా మీద నా కోపం పోలేదు, ఓబులేసు అన్నం కలుపుకునేటప్పుడు చూసిన ప్రతిసారీ కొంచెం వస్తుంది. అయినా నా తండ్రి పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చింది మామ పోయినప్పుడే. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతాయో నాకు తెలియదు, ఇమిడాయి. సమాధి దగ్గర పాస్టరు గారు చెప్పినట్టు అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. ఓబులేసు వంతు వచ్చింది. ఎడమచేత్తో వేస్తాడనుకున్నాను. వంగి, ముడవని కుడిచెయ్యినే మట్టిలోకి పెట్టి, చేటలా ఎత్తాడు. సగం దారిలోనే రాలిపోయింది. మళ్లీ వంగి, మళ్లీ ఎత్తాడు. వెనకున్న వాళ్లు ఆగారు. మూడోసారికి పడింది.

మామ నుంచి నాకు మిగిలింది వేలి అలవాటు ఒక్కటే కాదు. ప్రతి నెలా ఒకరోజు షెడ్డులో ఉన్న సాకెట్లన్నీ దించి కిరోసిన్‌లో కడిగి, ఒక్కొక్కదానిలో వేలుపెట్టి చూస్తాను. ఫోనులో కొన్నవి వచ్చిన రోజే చూస్తాను. ఈ ఉదయం వచ్చిన ఏడింటిలో ఆరు మంచివే, ఏడోదానికి లోపలి మూల నుంచి వెంట్రుకంత బీట ఉంది. పేరు గొప్ప పేరే. తుడిచి పెడితే ఇట్టే అమ్ముడుపోతుంది. పొద్దున్నుంచీ నాలుగు బండ్లు చేసి భుజాలు పడిపోతున్నాయి, వాకిట్లో ఐదోది ఆగి ఉంది. అయినా గోనెపట్ట పరిచాను, మడతలు పెట్టాను. ఈ ఒక్క పని నేను ఎవరికీ అప్పగించను, రేపటికి వాయిదా వేయను. సుత్తి ఎత్తేటప్పుడు ఎవరో ఊరూ పేరూ తెలియని ఒక మనిషి కుడిచెయ్యి నా కళ్ల ముందు ఉంటుంది. ఆ చేతికి ఇంకా ఏమీ కాలేదు.